రెండో మంచంలో నాలుగో నాడి

టుక్. టుక్. టుక్. టుక్.

ఒక్కో చప్పుడుకూ నడుమ ఒక్కో శ్వాస పట్టేంత ఎడం. నిద్రపోతున్న మనిషి నాడిలా నిదానంగా, నిబ్బరంగా సాగుతున్న ఆ వరుస ఉన్నట్టుండి తూలింది. టుకటుక్, టుకటుక్, టుకటుక్. ఎవరో మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగినట్టు మూడుసార్లు పలికి, తప్పు చేసి దొరికిపోయినట్టు చప్పున ఆగిపోయింది.

బల్ల కింద గోడవైపు ముఖం పెట్టి, మోచేతుల దాకా దుమ్ము పూసుకుని, ఒక వైరు ఊడదీసి మరో వైరు గుచ్చుతున్న అమ్మాయికి ఆ క్షణాన ఏమీ కనబడటం లేదు. కనబడనందువల్లనే బాగా వినబడింది. ఆమె తల్లి దర్జీ. కుట్టుమిషను పక్కన పడుకుని పెరిగిన పిల్ల కావడంతో, దారం తెగిందో, సూది వంగిందో, గుడ్డ మడతపడిందో చప్పుడును బట్టే పసిగట్టేది. ఇప్పుడు తెగింది దారం కాదు గాని, ఏదో తెగిందని మాత్రం ఆ చెవులకు తెలిసిపోయింది.

“స్పీకరు రెండో మంచానిది. నాడి రెండో మంచానిది కాదు,” అనుకుంది, తన చెవికి తప్ప మరొకరికి వినబడనంత మెల్లగా.

ఆమెను అందరూ గువ్వ అంటారు. ఇంట్లోనూ గువ్వే, ఈ హాల్లోనూ గువ్వే. హాలంటే, అద్దాలకు ఫ్రేములు కట్టే దుకాణం పైనున్న పొడవాటి గది. తొమ్మిది బల్లలు, ఒక గోడ గడియారం, రెక్క వంకరపోయి తిరిగినంతసేపూ నసిగే పంకా. ఆస్పత్రి వార్డులో నాలుగేసి మంచాలకు ఒక్కో పెట్టె ఉంటుంది. మంచం మీది మనిషి నాడిని అంకెల్లో చూపి, చప్పుడుగా వినిపిస్తుంది. పెట్టెలను చేసేది వేరెవరో. వాటిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం ఈ హాలుది. అందులోనూ అన్నిటికంటే అడుగున ఉండి, ఎవరికి ఎంత మెమరీ ఇవ్వాలో, ఎవరి దగ్గరి నుంచి ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో చూసుకునే కెర్నెల్ మీద ఇరవై ఏళ్ళుగా ఇద్దరిదే పెత్తనం. ఒకరు గువ్వ పెదనాన్న. మరొకరు ఆయన చెల్లెలు, గువ్వకు మేనత్త.

అన్నాచెల్లెళ్ళిద్దరికీ ఉన్న జబ్బు ఒక్కటే, శుభ్రం. పెదనాన్న ఎదుట ఖాళీ గ్లాసు ఒక్క నిమిషం నిలవదు. ఖాళీ కాని గ్లాసు రెండు నిమిషాలు నిలవదు. అత్త సంగతి మరీను. మీరు పేజీ తిప్పడానికి వేలు తడి చేసుకునేలోపు మీ పేపరు మడతపడి అల్మరాలో ఉంటుంది. ఆ ఇంటికి భోజనానికి వచ్చిన చుట్టాలు ఎడమచేత్తో కంచం గట్టిగా పట్టుకుని మరీ తింటారు.

గువ్వ బల్ల కింద నుంచి బయటికి రాలేదు. పరీక్ష కోసం నాడిని నటించే చిన్న పరికరాలు నాలుగింటిని ఆ పెట్టెకు తగిలించి ఉన్నారు. రెండోది నిద్రపోతున్న మనిషిలా కొట్టుకుంటుంది, నాలుగోది పరుగెత్తుతున్న మనిషిలా. ఒక చేత్తో రెండో వైరు లాగుతూ, అదే క్షణంలో మరో చేత్తో నాలుగో వైరు గుచ్చింది. ఏమీ లేదు. మళ్ళీ. మళ్ళీ. తొమ్మిదోసారి రెండో మంచం స్పీకరులో, వైరే లేని మంచంలో, పరుగు వినబడింది. టుకటుక్, టుకటుక్.

రెండు గంటలపాటు కెర్నెల్ కోడును గీత గీతా చదివి కారణం పట్టుకుంది. వైరు ఊడగానే పెదనాన్న రాసిన భాగం ఆ మంచం మెమరీని తక్షణం ఖాళీ చేసేస్తుంది. అత్త రాసిన భాగం, క్షణానికోసారి గంటలా లేచి నాడిని స్పీకరులో మోగించేది, ఆ మెమరీ చిరునామాను ఇంకా చేతిలో పట్టుకునే ఉంటుంది. ఖాళీ అయిన చోటును కెర్నెల్ కొత్తగా వచ్చిన నాలుగో మంచానికి ఇచ్చేస్తుంది. గంట పాత చిరునామాకే వెళ్ళి, అక్కడ ఏముంటే అది మోగిస్తుంది. ఇద్దరి గీతల్లోనూ విడివిడిగా వెతికితే తప్పు కనబడదు. ఇద్దరి నడుమా ఉంది తప్పు.

పొరపాటున జరిగితే నర్సు ఒకరి బదులు మరొకరి దగ్గరికి పరుగెత్తుతుంది. కావాలని చేస్తే ఇంకా ఘోరం. ఆ చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలిసినవాడు అందులో తన సరుకు పెట్టగలడు. కెర్నెల్ దాన్ని సొంత మాటగా నమ్ముతుంది. నమ్మిందంటే పెట్టె మొత్తం వాడి చేతిలోది.

గువ్వకు ముందు ఒళ్ళంతా సంతోషం పాకింది. ఇది ఎవరికి చెప్పాలో గుర్తుకొచ్చాక ఆ సంతోషం అరికాళ్ళలోంచి జారిపోయింది. ఎప్పటిలాగే మెట్ల దగ్గరికి వెళ్ళి బావను పిలిచింది. బావ అత్త కొడుకు. గువ్వ పక్క బల్ల. హాలు మొత్తానికి సరిపడా మాటలు వాడొక్కడి దగ్గరే ఉంటాయి.

“బావా, ఒకటి దొరికింది.”

“ఎంత పెద్దది?”

ఆమె రెండు చేతులూ చాచింది.

“అమ్మో! మామయ్యదా, అమ్మదా?”

“ఇద్దరిదీ.”

బావ మెట్టు మీద కూలబడ్డాడు. “నన్ను చంపడానికి నీకు వేరే దారే దొరకలేదా?”

“నువ్వే చెప్పు బావా. నాకు నోరు పెగలదు.”

“పదకొండు అయ్యాయే గువ్వా. పదకొండుసార్లు నీ పని మీద నేను నిలబడ్డాను. హాల్లో నన్ను మేధావి అంటున్నారు. నాకే భయంగా ఉంది.”

వాడన్న నిలబడటం ఆ హాలు ఆచారం. చాలా కాలం కిందట, ఎవరు రాశారో తెలియని ఒక్క గీత వల్ల పెట్టెలన్నీ మూగబోయాయట. ఎవరిని అడగాలో తెలియక మూడు రోజులు తల పట్టుకున్నారట. అప్పటి నుంచి ఏ మార్పు బయటికి వెళ్ళాలన్నా, వారంలో ఆఖరి పనిరోజున నాలుగు గంటలకు దాన్ని రాసినవారు అందరి ముందూ నిలబడి, అడిగినదానికి బదులిచ్చి, “రాసింది నేను, జవాబు నాది” అని తమ పేరు చెప్పాలి. పిలుపు పేరు చెల్లదు, బడి పత్రంలోని పేరే కావాలి. చెప్పని మార్పు ఎంత గొప్పదైనా గుమ్మం దాటదు. గువ్వ చేరి ఏడాది దాటింది. ఇంతవరకూ ఒక్కసారీ నిలబడలేదు.

మధ్యాహ్నం హాలు చివరి బల్ల దగ్గర అందరూ భోజనాలకు కూర్చున్నాక, బావ గొంతు సవరించుకుని, “ఇవాళ నేనొకటి పట్టాను,” అంటూ గువ్వ చెప్పినదాన్ని చెప్పినట్టే అప్పజెప్పాడు. పెదనాన్న చేతిలోని ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

“నా తీసివేతలో తప్పా? వైరు ఊడిన మరుక్షణం మెమరీ వెనక్కి వచ్చేస్తుంది. ఇరవై ఏళ్ళలో ఒక్క బైటు పారేసుకున్నానా?”

“పారేసుకోలేదు అన్నయ్యా, లాక్కున్నావు,” అంది అత్త. “నా గంట ఇంకా వాడుకుంటోంది కదా!”

“వైరు లేనివాడికి గంటెందుకు?”

“లేదని నాతో చెప్పావా?”

“నువ్వు అడిగావా?”

ఇద్దరి నడుమ కూర్చున్న మాస్టారు అటూ ఇటూ తల తిప్పలేక అలసిపోయారు. ఆయన బడిలో పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు హాలు రాతపనులన్నీ చూస్తారు. ఎవరు ఏ మార్పు రాశారో పుస్తకంలో ఎక్కించేది ఆయనే. కెర్నెల్ గురించి ఆయనకు తెలిసింది సున్న. “నాలాంటివాడికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి బాబూ,” అని నీళ్ళ కోసం చెయ్యి చాచి, గ్లాసెత్తి గుక్క వేసి, “హా!” అని కేక పెట్టారు. నాలుక చుర్రుమంది. గ్లాసులో ఉన్నది పొగలు కక్కే టీ.

జరిగింది గువ్వ చూస్తూనే ఉంది. పోట్లాడుతూనే అత్త మాస్టారి సగం నీళ్ళ గ్లాసు తీసి కడిగేసింది. పోట్లాడుతూనే పెదనాన్న అదే గ్లాసులో బావకు టీ పోసి, మాస్టారి ముందు చోటు ఖాళీగా ఉంది కదా అని అక్కడే పెట్టాడు.

గువ్వ ఆయన వైపు ఒరిగి, ఆయనకు మాత్రమే వినబడేలా అంది. “ఇదే మాస్టారూ. మీరు తాగడం అవకముందే గ్లాసు తీసేశారు. కడిగారు. వేరేవాళ్ళకిచ్చారు. మీ చెయ్యి మాత్రం పాత చోటికే వెళ్ళింది.”

మాస్టారు నాలుక ఆరబెట్టుకుంటూ ఆలోచించారు. “ఎవడైనా పనిగట్టుకుని ఇందులో ఇంకేదైనా పోసి ఉంటే?”

“చూసుకోకుండా తాగేసేవారు.”

మాస్టారు గ్లాసును రెండు వేళ్ళతో దూరంగా నెట్టి, ఆ పిల్లను కొత్తగా చూసినట్టు చూశారు.

ఈలోగా అవతల సంధి కుదిరింది. “ఇంతే కదా!” అన్నాడు పెదనాన్న చెయ్యి కడుక్కుంటూ. “ఖాళీ చేయగానే చిరునామా చెరిపేస్తాను. గంట మోగే ముందు చిరునామా ఉందా లేదా చూసుకుంటే సరి. పది నిమిషాల పని.”

“చూసుకునే గీత నేను రాస్తాను,” అంది అత్త. ఇద్దరూ ఒక మాట మీదికి రావడం చూసి హాలంతా చప్పట్లు కొట్టింది. కొట్టనివి రెండు చేతులే, అవి గువ్వవి.

ఆమెకు ఆ అతుకులోని సందు కనబడింది. గంట వచ్చి, చిరునామా ఉందని చూసుకుని, మోగించడానికి చెయ్యి చాచేలోపు, ఆ కాస్త వ్యవధిలో పెదనాన్న ఖాళీ చేసేస్తే? తొమ్మిదిసార్లకు ఒకసారి జరిగేది ముప్ఫైసార్లకు ఒకసారి జరుగుతుంది. జరగడం మాత్రం మానదు. ఇవాళ ఆఖరి పనిరోజే; నాలుగుకు నిలబడటం అయ్యాక, ఐదు గంటలకు మూడువందల పన్నెండు వార్డుల పెట్టెలు కొత్త ప్రతిని తీసుకుంటాయి. పాత ప్రతినీ కొత్త ప్రతినీ పక్కపక్కన పరచి చూసే కళ్ళు లోకంలో చాలా ఉంటాయి. అతుకు ఎక్కడ వేశారో చూస్తే బట్ట ఎక్కడ చిరిగిందో వాళ్ళకు తెలిసిపోతుంది. సగం కుట్టిన అతుకు వేయడమంటే దొంగకు తలుపు చూపించి, గడియ తీసి పెట్టడమే. అసలు వేయకపోవడం కంటే అది చెడ్డది.

గువ్వ తన బల్ల దగ్గర కూర్చుని పంతొమ్మిది గీతలు రాసింది. ఆ మెమరీని ఎవరు పట్టుకున్నా ఒక లెక్కకు ఒకటి కలపాలి. వదిలినప్పుడు ఒకటి తగ్గించాలి. లెక్క సున్నకు వచ్చాకే, అంటే చివరి చెయ్యి తీశాకే, చోటు ఖాళీ చేయాలి. అంతే సంగతి. రాసి బావ చేతిలో పెట్టింది. తనను అడగబోయే ప్రశ్నలూ వాటి జవాబులూ వాడు అరచేతిలో పెన్నుతో రాయించుకున్నాడు.

నాలుగైంది. మొదట పెదనాన్న నిలబడి తన మార్పు వివరించాడు. ఇంకా పేరు చెప్పకముందే బావ లేచాడు.

“మామయ్యా, కోపం తెచ్చుకోకండి. దీనికంటే మంచిది నా దగ్గరుంది.”

పెదనాన్న నవ్వాడు. “రా అల్లుడూ, రా. విందాం.”

బావ చెప్పింది బాగానే చెప్పాడు. పెదనాన్న పంతొమ్మిది గీతలూ తెర మీద రెండుసార్లు చదివాడు. నవ్వు పోయి, ముఖం మీదికి శ్రద్ధ వచ్చింది.

“ఒక్క మాట. గంట చిరునామా తీసుకోవడానికీ, లెక్కకు ఒకటి కలపడానికీ మధ్య నేను ఖాళీ చేసేస్తే ఏం చేస్తావు?”

బావ అరచెయ్యి చూసుకున్నాడు. చెమటకు అక్షరాలన్నీ కలిసి నీలి మరక అయిపోయింది.

“అలా... అలా మీరు చేయరు మామయ్యా. మీరు పెద్దవారు.”

హాలు గొల్లుమంది. పెదనాన్న నవ్వలేదు. “కెర్నెల్‌కి పెద్దా చిన్నా తెలియదురా. జవాబు లేకపోతే నీ మార్పు పోయినట్టే, నాది వెళుతుంది. ఎవరు రాశారిది? నువ్వేనా?”

బావ ఒకసారి గువ్వ వైపు చూడబోయి, సగంలో చూపు తిప్పుకుని పంకా వైపు చూశాడు. “నేను కాదు. ఎవరో చెప్పను. కాని ఆ ప్రశ్నకి జవాబు ఉందని మాత్రం నాకు తెలుసు.” అని కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి వాడి దగ్గర మాటలు అయిపోయాయి.

“సరే అయితే,” అంటూ మాస్టారు కలం తీశారు, పెదనాన్న మార్పు ఎక్కించడానికి.

 జవాబు గువ్వ నాలుక చివరే ఉంది. ఆ హాల్లో ఆ జవాబు తెలిసినది ఆమెకొక్కదానికే. వార్డుల్లోని మంచాలు కళ్ళముందు మెదిలాయి, వాటి మీద మనుషులు, తమ నాడి తమ పేరునే మోగుతుందని నమ్మి కళ్ళు మూసుకున్నవాళ్ళు. కలం పుస్తకం మీద ఆనబోతోంది.

“రెండూ ఒకే తాళం లోపల.”

అందరూ తిరిగి చూశారు. గువ్వ నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

“ఏంటమ్మా?” అన్నాడు పెదనాన్న.

“చిరునామా తీసుకోవడం, లెక్క పెంచడం, రెండూ ఒకే తాళం వేసుకుని లోపల జరుగుతాయి. మీ తీసివేత కూడా అదే తాళం కోసం బయట ఆగాలి. పదమూడో గీత చూడండి. మధ్యలో దూరడానికి మీకు చోటే ఉండదు పెదనాన్నా.” “మీ మార్పులోనే సందు ఉంది. చూసుకోవడానికీ మోగించడానికీ మధ్య.”

హాలంతా తెర మీద పదమూడో గీత వెతికింది.

పెదనాన్న చొక్కా చేతులు మడిచి, పొట్ట పట్టుకుని, ఆపసోపాలు పడుతూ పరీక్ష బల్ల కిందికి దూరాడు. బయట కాళ్ళు మాత్రమే మిగిలాయి. ముందు తన మార్పుతో పెట్టెను నడిపించమన్నాడు. వైరు లాగడం, వైరు గుచ్చడం. అత్త పైనుంచి లెక్కపెట్టింది. ఇరవై వరకూ మౌనం. ఇరవై ఆరోసారి రెండో స్పీకరు పరుగందుకుంది.

“వినబడింది, వినబడింది!” అని బల్ల కింద నుంచి కేక.

“నీ వల్లే అన్నయ్యా.”

“నీ గీతా ఉందిగా అందులో!”

తరువాత గువ్వ మార్పుతో మొదలుపెట్టారు. యాభై. డెబ్బై. నూరు దాటాక అత్త గొంతు బొంగురుపోయింది, బావ అందుకున్నాడు. నూట నలభై దగ్గర పెదనాన్న వైర్లు వదిలేశాడు. ఇద్దరు పట్టి లాగితే గాని బయటికి రాలేదు. జుట్టు నిండా దుమ్ము, ముఖం నిండా నవ్వు.

“ఇరవై ఏళ్ళుగా ఉంది చెల్లెమ్మా ఇది! మనిద్దరం ఒకరి తరువాత ఒకరం ఊడ్చుకుంటూ పోయాం గాని, లోపల మనిషి ఉన్నాడో లేడో చూడలేదు.”

“నేను చూస్తానని నువ్వు, నువ్వు చూస్తావని నేను,” అంది అత్త. అని గువ్వ దగ్గరికి వచ్చి, ఆమె మోచేతి మీది దుమ్ము కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. అలవాటు కదా. “ఏమే, ఆ పదకొండూ నీవేనా?”

గువ్వ తల దించుకుంది. బావే బదులిచ్చాడు. “మొత్తం దానివే అమ్మా. నేను మైకును.”

“అందుకేరా, పదకొండింట్లో ఒక్క జోకూ లేదు,” అన్నాడు పెదనాన్న. హాలు మళ్ళీ గొల్లుమంది, గువ్వతో సహా.

గడియారం ఐదుకు పది నిమిషాలు చూపిస్తోంది. మాస్టారు పుస్తకం తిప్పి కొత్త గీత కొట్టారు. “పేరు కావాలి.”

“గువ్వ అని రాసెయ్యండి మాస్టారూ, టైమవుతోంది,” అన్నాడు బావ.

“రాయను. రేపు ఇందులో ఏదైనా తేడా వస్తే నేను గువ్వను ఎక్కడని వెతకాలి, ఏ చూరు కింద?” మాస్టారు కలం ఎత్తి పట్టుకున్నారు. “ఆ అమ్మాయే చెప్పాలి.”

పెదనాన్న పక్కకు తప్పుకున్నాడు. అత్త చెయ్యి మోచేతి మీది నుంచి తొలగింది. అందరికీ ఎదురుగా, నడుమ ఖాళీ నేల మీద, గువ్వ ఒక్కతే మిగిలింది. ఆ పేరు ఆమెకు ఎప్పుడూ తనకంటే రెండు కొలతలు పెద్ద చొక్కాలా అనిపించేది. సగం మింగి సగం పలకడానికి వీలైన పేరు కాదది. చెబితే మొత్తం చెప్పాలి, చెబితే అవతలి గోడ దాకా వినబడుతుంది. బడిలో హాజరు పిలిచినప్పుడు చెయ్యి ఎత్తేదే గాని నోరు ఎత్తేది కాదు.

ఐదుకు ఏడు నిమిషాలు. ఆమె మాస్టారి వైపు కాక, హాలు వైపు తిరిగింది. వీపు నిటారుగా పెట్టింది.

“రాసింది నేను. జవాబు నాది,” అంది. ఊపిరి నిండా తీసుకుంది.

“విద్యుల్లత.”